చీకటి గదిలో కడిగిన ఊళ్లు

గోదావరి జిల్లాలు అనగానే తెలుగువాళ్ల కళ్లముందు ఒక బొమ్మ ఆడుతుంది. కొబ్బరిచెట్లు, కాలవగట్టు, పంటు మీద రేవు దాటుతున్న సైకిలు, పొద్దుటి మంచులో వరిచేను. సినిమాలూ కేలెండర్లూ కలిసి ఈ బొమ్మను ఎంత గట్టిగా అచ్చువేశాయంటే, అందులో ఇమడని ఊళ్లు అసలు గోదావరి ఊళ్లే కావేమో అనిపిస్తుంది. ఏలూరు ఇమడదు. తాడేపల్లిగూడెం అంతకన్నా ఇమడదు. జనపనార మిల్లు గోడ, ఉల్లి బస్తాలు దించుతున్న లారీ, తవుడు ధూళి పేరుకున్న రైసుమిల్లు రేకుల కప్పు, చేపల పెట్టెల్లోకి ఐసు కొడుతున్న షెడ్డు, వీటిని చూసి మురిసిపోయేవాళ్లు తక్కువ. కెమెరా ఈ ప్రాంతానికి ఆలస్యంగా వచ్చిందనడానికీ లేదు. మద్రాసులో 1856లోనే ఫొటోగ్రాఫిక్ సొసైటీ పుట్టింది. తర్వాతి దశాబ్దాల్లో సర్కారు కెమెరా గోదావరి దాకా వచ్చింది కూడా. అయితే అది వచ్చింది రెండింటి కోసం. ఒకటి శిథిలాలు, రెండోది ఇంజినీరింగు పనులు. గుంటుపల్లి బౌద్ధ గుహలకు ఫొటో దక్కింది, ధవళేశ్వరం ఆనకట్టకు దక్కింది. ఆనకట్ట నీటితో పండిన ధాన్యాన్ని కొని, దంచి, తూచి, అమ్మి బతికిన బజారుకు మాత్రం దక్కలేదు.

ఆ బజారు చిన్నదేం కాదు. గోదావరి ఆనకట్ట 1852కి పూర్తయింది, బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట మరో మూడేళ్లకు. రెండు నదుల కాలవలూ వచ్చి కలుసుకున్న చోటు ఏలూరు. 1890లలో రైలు వచ్చేదాకా, వచ్చాక కూడా కొన్నాళ్లు, ఈ ఊరి సరుకు పడవల మీదే నడిచింది. అంతకు ముందునుంచే ఇక్కడ తివాచీల నేత ఉంది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శన దాకా వెళ్లిన తివాచీలవి. తంగెళ్లమూడి వైపు ఆ మగ్గాల వారసత్వం ఇప్పటికీ మిగిలి ఉంది. 20వ శతాబ్ది మొదట్లో జనపనార మిల్లు వచ్చింది. రైలు మార్గం మీదే ఉన్న తాడేపల్లిగూడెం ధాన్యానికీ బెల్లానికీ ఉల్లికీ పెద్ద మార్కెట్టయింది. రెండో ప్రపంచయుద్ధంలో వేసిన విమానాల రన్‌వే ఒకటి ఊరి పక్కనే పడివుంది. మరి ఇంత కథ ఉన్న ఊళ్లు చరిత్రకారుల కంట ఎందుకు పడలేదు? నాకు తోచే కారణం ఒకటుంది. ఏలూరు 1904 దాకా గోదావరి జిల్లాలో, తర్వాత కృష్ణా జిల్లాలో, 1925 నుంచి పశ్చిమ గోదావరిలో, 2022 నుంచి సొంత పేరుతో ఉన్న జిల్లాలో ఉంది. 1878లో హెన్రీ మోరిస్ రాసిన గోదావరి జిల్లా వివరణ గ్రంథంలో ఏలూరును వెతకాలి, పాతికేళ్ల తర్వాతి సంగతులకు ఇంకో జిల్లా కాగితాలు తిప్పాలి. కచేరీలు మారుతూ వచ్చిన ఊరికి ఒక్కచోట కూర్చుని చరిత్ర రాయడం కష్టం.

పారిస్‌కు అట్జే ఉన్నాడు. 1890ల చివరినుంచి మూడు దశాబ్దాల పాటు బరువైన కెమెరా మోసుకుంటూ కొట్ల ముంగిళ్లూ బోర్డులూ వీధి మూలలూ తీశాడు. 1936లో వాకర్ ఎవాన్స్ అమెరికా దక్షిణాది చిన్న ఊళ్లలో పచారీ కొట్ల ముఖాలు తీశాడు. జర్మనీలో బెహర్ దంపతులు 1959 నుంచి గనుల గోపురాల్నీ నీటి టవర్లనీ ఒకే వరసలో, ఒకే వెలుతురులో తీసుకుంటూ పోయారు. ఇలాంటివాళ్లు మనకెందుకు లేరని వాపోవడం తేలిక. తెలంగాణకు గుడిమల్ల భరత్ భూషణ్ ఇళ్లనూ బతుకమ్మలనూ పట్టుకుని తిరిగినట్టు ఏలూరు బజారును పట్టుకుని తిరిగిన పేరున్న ఫొటోగ్రాఫరు కనబడరు, నిజమే. అయినా ఈ వాపోత తప్పు దారి పట్టిస్తుందని నా వాదన. ఈ ఊళ్ల చిన్న వ్యాపారాల నలుపు తెలుపు చరిత్ర తీయకుండా పోలేదు. దాన్ని తీసినవాళ్లు కళాకారులుగా పేరు పొందలేదు, అంతే. తీసింది ఆ బజారులోనే ఇంకో కొట్టు, ఫొటో స్టూడియో. అది కూడా రైసుమిల్లు లాంటి, సోడా ఫ్యాక్టరీ లాంటి ఒక చిన్న పరిశ్రమ. ఆ ఫొటోలను ఆ పరిశ్రమ తయారుచేసిన సరుకుగా చూసినప్పుడే అవి మనకేమైనా చెబుతాయి.

పరిశ్రమ అన్నది మాటవరసకు కాదు. ముందు అద్దాల పెంకు కింద కూర్చోబెట్టి బొమ్మ తీసే హాలు, వెనక చీకటి గది. ముడిసరుకు బయటినుంచి వచ్చేది, పని మొత్తం లోపలే అయిపోయేది. ఫొటోగ్రాఫరు నల్లగుడ్డ కిందికి దూరి తలకిందులుగా కనబడే బొమ్మను సరిచూసుకుని, గాజు పలకో షీటు ఫిల్మో కెమెరాలోకి ఎక్కించి, మూత తీసి మూసేవాడు. తర్వాత ఎర్ర బల్బు వెలుతురులో డెవలపర్ గిన్నె, నీళ్లు, హైపో, మళ్లీ నీళ్లు. మన ఎండలు ఈ పనికి పెద్ద శత్రువులు. నీళ్లు వేడెక్కితే నెగెటివ్ మీది జిలాటిన్ మెత్తబడి పలకనుంచి జారిపోతుంది. డెవలపర్ గిన్నెను ఐసులో పెట్టి చల్లార్చడం, పటిక కలిపి పొరను గట్టిపరచడం ఉష్ణదేశాల ఫొటోగ్రఫీ పుస్తకాలన్నీ చెప్పిన ఉపాయాలే. చేపల వ్యాపారం ఉన్న ఊళ్లో ఐసుకు కరువేముంటుంది! నెగెటివ్ ఆరాక రీటచింగు బల్ల. కింద అద్దంలోంచి వెలుతురు పడుతుంటే, సూదిలా చెక్కిన పెన్సిలుతో ముఖం మీది స్ఫోటకం మచ్చల్నీ ముడతల్నీ నింపేవారు. ముఖంలో నల్లగా కనబడే గుంట నెగెటివ్‌లో పలచటి చుక్క. దాన్ని పెన్సిలుతో నింపితే కాగితం మీద గుంట పూడిపోతుంది. ఒక్కో ముఖానికి వందల గీతలు పట్టేవి. ఈ పని రావడానికి ఏళ్లు పట్టేది. మంచి రీటచింగు చేయి ఉన్నవాణ్ని ఊళ్లోని స్టూడియోలు పోటీపడి పెట్టుకునేవి.

ఈ పరిశ్రమ ఎందుకు అంతకాలం నలుపు తెలుపులోనే నిలిచిందనే ప్రశ్నకు అభిరుచి జవాబు కాదు. రంగు ఫిల్ము ఖరీదైనది, పైగా దిగుమతి సరుకు. 1950ల చివర విదేశీ మారకద్రవ్యం కరువొచ్చాక దిగుమతుల మీద పట్టు బిగిసింది. ప్రభుత్వమే 1960లో ఊటీలో హిందూస్తాన్ ఫొటో ఫిల్మ్స్ పెట్టింది, 1967లో అక్కడ ఉత్పత్తి మొదలైంది. ‘ఇందు’ అనే పేరుతో ఆ ఫిల్మూ కాగితమూ చిన్న ఊళ్లకు చేరాయి. నలుపు తెలుపు నెగెటివ్ డిగ్రీ రెండు డిగ్రీల తేడాను ఓర్చుకుంటుంది. రంగు నెగెటివ్ ఓర్చుకోదు. డెవలపర్ 38 డిగ్రీల దగ్గర ఇటూ అటూ కదలకుండా నిలవాలి. నలుపు తెలుపు కాగితాన్ని ఎర్ర వెలుతురులో చూస్తూ కడగవచ్చు. రంగు కాగితానికి ఎర్ర దీపం కూడా పనికిరాదు. మెట్ల కింద చీకటి గదిలో ఇది సాగే పని కాదు, లక్షల రూపాయల యంత్రం కావాలి. అందుకే 1980లలో రంగు ఫొటో జనంలోకి వచ్చినప్పుడు ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ పని ఊళ్లో ఆగలేదు. ఫిల్ము రోళ్లు దూరపు నగరాలకు, తర్వాత విజయవాడ లాంటి చోట్ల వచ్చిన కలర్ ల్యాబులకు వెళ్లి, ఫొటోలై తిరిగొచ్చాయి. స్టూడియో తయారీదారు స్థాయినుంచి కమీషను మీద రోలు పంపే ఏజెంటు స్థాయికి దిగింది. రీటచింగు చేతులకు పని లేకుండాపోయింది. రంగు రాగానే జనం మోజుపడి నలుపు తెలుపును వదిలేశారని చెప్పే కథలో సగమే నిజం. మిగతా సగం, ఊళ్లో జరిగే తయారీ ఊరు దాటిపోవడం. నలుపు తెలుపు ముగింపు ఒక పరిశ్రమ మూతపడిన కథ. అలాగే మూతపడిన పాతరకం హల్లర్ రైసుమిల్లుల కథతో కలిపి చదవాల్సిన కథ.

ఇంతకీ ఆ సరుకులో ఏముంది? పెళ్లి ఫొటోలూ పాస్‌పోర్టు సైజులూ ఎక్కువ. మన విషయానికి పనికొచ్చేవి మరో మూడు నాలుగు రకాలు. కొట్టు తెరిచిన రోజు మామిడాకుల తోరణం కింద నిలబడ్డ యజమాని, గుమాస్తాలు. గల్లాపెట్టె వెనక గోడ మీద దండవేసిన పటంగా ఎక్కడానికి తీయించుకున్న వ్యవస్థాపకుడి బొమ్మ. మిల్లులో మేస్త్రీ రిటైరయినప్పుడు ముందు వరసలో కుర్చీలు, వెనక బెంచీలు వేసి తీసిన గ్రూపు. యూనియన్ వార్షికోత్సవం గ్రూపు. వీటిని చదివేటప్పుడు మనుషులకన్నా ముందు చుట్టూ ఉన్నవి చూడాలి. గోడమీద కేలెండరు ఉంటే పెద్దది చేసి చూస్తే నెల తెలుస్తుంది. కాటా పక్కన పేర్చిన రాళ్లు సేర్లా కిలోలా అన్నది చూస్తే కాలం ఇంచుమించు తేలుతుంది. మెట్రిక్ తూనికల చట్టం 1956లో వచ్చినా, కొట్లలో కిలో రాళ్లు ఖాయమైంది 1960ల మొదట్లో. బోర్డు మీద ‘పశ్చిమ గోదావరి జిల్లా’ అని ఉంటే 1925కు ముందు తీసింది కాదు. బోర్డు రంగుల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. స్టూడియోలు చాలాకాలం వాడిన ఆర్థోక్రొమాటిక్ పలకలకు ఎరుపు కనబడదు. అందుకే వాటిని ఎర్ర దీపం కింద కడగగలిగారు. ఆ ఫొటోల్లో ఎర్రటి అక్షరాలు నల్లగా వస్తాయి, నీలం బోర్డు తెల్లబడిపోతుంది, కుంకుమబొట్టు కాటుకబొట్టులా కనిపిస్తుంది. నల్ల బోర్డు మీద తెల్ల అక్షరాలని మనం చదివేది నిజానికి ఎర్ర బోర్డు కావచ్చు.

ఇక్కడ చరిత్రకారుడు అడ్డుపడతాడు. స్టూడియో ఫొటో నటన కదా, దాన్ని సాక్ష్యంగా ఎలా తీసుకుంటాం? తెరమీద గీసిన మేడమెట్లు, అద్దెకిచ్చే కోటు, చేతిలో పెట్టిన పుస్తకం, పెన్సిలుతో నునుపు చేసిన ముఖం. అభ్యంతరం గట్టిదే. దానికి మొదటి జవాబు మానవశాస్త్రవేత్త క్రిస్టఫర్ పిన్నీ ఇచ్చాడు. మధ్యప్రదేశ్‌లోని నాగ్డా అనే పారిశ్రామిక పట్నంలో స్టూడియోలను ఏళ్లపాటు గమనించి 1997లో ‘కెమెరా ఇండికా’ రాశాడు. జనం స్టూడియోకు పోయేది ఉన్నది ఉన్నట్టు దిగడానికి కాదని, ఎలా కనబడాలనుకుంటారో అలా దిగడానికని చూపించాడు. ఆ కోరిక కూడా చరిత్రే. మిల్లు కార్మికుడు గడియారం కనబడేలా మణికట్టు తిప్పి కూర్చున్నాడంటే, ఆ గడియారం అతనిది కాకపోయినా, సైరను చొప్పున బతికే మనిషికి గడియారం ఏమిటో అది చెబుతుంది. నాకు ఇంతకన్నా గట్టిగా తోచే జవాబు ఇంకోటి ఉంది. రీటచింగు ఖరీదైన పని కాబట్టి ముఖానికే చేసేవారు. మెడ కిందికి పెన్సిలు దిగేది కాదు. చేతులు, గోళ్లు, పాదాలు, పంచె అంచు మీద నూనె మరక, ఇవన్నీ కెమెరా చూసింది చూసినట్టే మిగిలాయి. గ్రూపు ఫొటోలో ముందు వరస బూట్లనూ వెనక వరస వట్టి కాళ్లనూ ఎవరూ దిద్దలేదు. ముఖాలు అబద్ధమాడిన చోట కాళ్లు నిజం చెప్పాయి.

రెండో అభ్యంతరం దీనికన్నా పదునైనది. డబ్బిచ్చినవాడి బొమ్మే మిగిలింది. బస్తాలు మోసిన జట్టు కూలీలు, తివాచీ మగ్గం ముందు కూర్చున్న ఆడవాళ్లు, కొల్లేరు సరస్సు లంకల్లో మావులు పెట్టి చేపలు పట్టినవాళ్లు ఎక్కడ? దీనికి పూర్తి జవాబు లేదు, ఉన్నట్టు నటించడం మర్యాద కాదు. కొల్లేటి విషయంలో దూరమే పెద్ద అడ్డు. తాటి దోనె మీద చేరే లంకకు బరువైన కెమెరా ఎవరు తీసుకెళ్తారు? లంకవాసి స్టూడియోకు వచ్చే సందర్భం పెళ్లో, కోర్టు పనో, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరో అయివుండాలి. ఇలాంటి జాతరల్లో తెర కట్టి బొమ్మలు తీసే అంగళ్లు మన తిరనాళ్లన్నిటా కనబడేవే. అక్కడ తీసిన బొమ్మలో సరస్సు ఉండదు, తెరమీద గీసిన సరస్సు ఉంటుంది. నీళ్ల మీద బతికేవాళ్లను నీళ్లు లేకుండా చూపించిన వింత అది. ఎందరో పేద ఆడవాళ్లకు తమకంటూ విడిగా దిగిన మొదటి ఫొటో 1993లో ప్రధాన ఎన్నికల కమిషనరు శేషన్ హయాంలో ఆదేశించిన ఓటరు గుర్తింపు కార్డు మీదిది అయివుంటుంది. అది కూడా నలుపు తెలుపే, కోరి దిగింది మాత్రం కాదు. ఈ ఖాళీలు ఉన్నాయి కాబట్టి స్టూడియోల నెగెటివ్ పెట్టెలు పనికిరావనడం మాత్రం ఒప్పుకోలేను. సర్కారు కెమెరాలో జట్టు కూలీ అసలే లేడు. ఇక్కడ కనీసం రిటైర్‌మెంట్ గ్రూపు అంచున, సగం తెగిపోయి, ఉన్నాడు. ఎవరు మధ్యలో, ఎవరు అంచున అన్నది ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు రిజిస్టరులో దొరకదు. లైసెన్సు నంబరు, హార్స్‌పవరు, కార్మికుల సంఖ్య దొరుకుతాయి, అంతే.

కొల్లేరు ఇంకో సంగతి కూడా తేల్చి చెబుతుంది. నలుపు తెలుపు కాలం ముగుస్తున్నప్పుడే సరస్సు రూపం మారడం మొదలైంది. 1970లలో సహకార సంఘాల పేరుతో చెరువులు తవ్వడం మొదలై, తర్వాత పెట్టుబడిదారుల చేతుల్లోకి పోయి సరస్సంతా గట్లు లేచాయి. బొచ్చె, రాగండి లారీలకెక్కి హౌరా మార్కెట్టుకు పోవడం ఈ ప్రాంతపు పెద్ద వ్యాపారమైంది. 1999లో +5 కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో గట్లు పగలగొట్టారు. పెలికాన్లూ పగిలిన గట్లూ గుర్రపుడెక్కా రంగుల్లో కావలసినన్ని ఉన్నాయి. మారకముందు కొల్లేరు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ నవల చదవాలి, లేదంటే ముసలివాళ్ల మాట వినాలి. తీసే అవకాశం ఉన్న కాలంలో సరస్సు ఎవరి గిరాకీ కాలేదు. కొట్టుకు యజమాని ఉంటాడు, ఫొటో తీయించుకుంటాడు. సరస్సుకు ఫొటో తీయించే యజమాని లేడు. డబ్బిచ్చి తీయించుకునే పద్ధతికున్న హద్దు ఇదే. స్టూడియో చరిత్రను మెచ్చుకునేవాళ్లు దీన్ని దాచకూడదు.

మూడో అభ్యంతరం ఈ కాలానిది. ఇప్పుడు ఫోన్లోనో డిజిటల్ కెమెరాలోనో తీసిన రంగు ఫొటోను ఒక్క మీట నొక్కి నలుపు తెలుపు చేసి, మూతపడ్డ కొట్టు తలుపునూ మిల్లు గోడనూ జ్ఞాపకాల సరుకుగా అమ్ముతున్నారు, పాత ఫొటోల మీద ఈ ప్రేమ కూడా అలాంటిదేగా అంటారు. కొంత నిజం. నిన్నటిదాకా నడిచిన ఉల్లి గోడౌను నలుపు తెలుపులోకి మారగానే నూరేళ్ల వయసు మీదపడుతుంది. అక్కడ హమాలీలకు ఈ వారం కూలి అందిందా అన్న ప్రశ్న అడగబుద్ధి కాదు. పాత స్టూడియో ఫొటో దీనికి పూర్తిగా తిరగబడ్డది. అందులో నలుపు తెలుపు విషాదం కోసం ఎంచుకున్నది కాదు, ఆనాడు ఊళ్లో అందుబాటులో ఉన్న యంత్రం ఇవ్వగలిగింది. తోరణం కింద నిలబడ్డ యజమాని రేపటి వ్యాపారం వైపు చూస్తున్నాడు, గతం వైపు కాదు. అయితే ఇవాళ నలుపు తెలుపులో తీసేవాళ్లంతా మోసగాళ్లని కూడా నేననను. పచ్చదనం ఇంత గట్టిగా కమ్మేసిన ప్రాంతంలో రంగు తీసేస్తే గోడ మీద చెరిగిపోతున్న రాత, రేకు మడత, మెట్టు అరుగుదల ముందుకొస్తాయి. తేదీ, చోటు, కొట్టు పేరు, పనిచేస్తున్నవాడి పేరు కింద రాసిపెడితే అది రేపటికి పనికొచ్చే కాగితం. రాయకపోతే గోడకు తగిలించుకునే బొమ్మ, అంతకుమించి ఏం లేదు.

మిగిలిన నెగెటివ్‌ల గతి ఏమిటన్నది వాదనతో తేలేది కాదు. గాజు పలకల మీది పొర కడిగేసి పటాలకు అద్దాలుగా వాడుకోవడం, ఫిల్ములో వెండి ఉంది కాబట్టి పాతసామాను వాళ్లకు తూకానికి అమ్మేయడం ఈ వృత్తిలో కొత్త సంగతులు కావు. తమిళనాడులో పాండిచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు, బ్రిటిష్ లైబ్రరీ ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ సాయంతో, పాత స్టూడియోల పెట్టెలు వెతికి స్కాన్ చేసే పని చేశారు. అలాంటి పని ఏలూరు, గూడెం, కైకలూరు, ఆకివీడు స్టూడియోల్లో చేయాలంటే ముందు తేల్చుకోవలసింది సొత్తు ఎవరిదన్న సంగతి. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్నవాడే ఆ ఫొటోకు మొదటి హక్కుదారు. నెగెటివ్ మాత్రం స్టూడియో అటక మీద ఉంటుంది. మిల్లు గ్రూపు ఫొటోకు డబ్బిచ్చింది యాజమాన్యమా, యూనియనా, రిటైరైన మేస్త్రీ కొడుకా అన్నది ఆర్డరు పుస్తకంలో ఉంటుంది. నెగెటివ్‌లు దాచిన చాలాచోట్ల ఆ పుస్తకాన్నే ముందు పారేశారు. కాబట్టి ఎవరైనా ఈ పనికి దిగితే, పెట్టెల కన్నా ముందు అడగవలసింది ఆ పుస్తకాన్ని. అది లేకపోతే ఫొటో వెనక స్టూడియో ముద్ర పక్కన పెన్సిలుతో రాసిన నంబరును.